పుణ్యానికి పది గంటలు

ఆ కబురు నాకు మొదట ఫోన్లో చెప్పింది మా అమ్మాయి శ్రావణి స్నేహితురాలు నసీమా. ఆ తర్వాత నేను చేసిన విధ్వంసంలో ఆ పిల్లకు పాపం ఏ పాత్రా లేదు.

"ఆంటీ, శ్రావణి కడ్డీలు బలం చూసే మిషన్ల పెట్టంగనే టప్పున తెగినయ్. సోమవారమే పరీక్ష. ఒక్కతీరుగ ఏడుస్తున్నది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అల్యూమినియంలో గట్టి పొడి కలిపి పోసిన కడ్డీలవి. వాటిని కాల్చి బలం పెంచడమే దాని ఆఖరి ఏడాది ప్రాజెక్టు. కాలేజీ కొలిమిలో కాల్చి, నీళ్లలో ముంచి, అక్కడ సన్నవేడి ఓవెన్ లేక, రెండో విడతకు తాండూరులో మా కేకుల ఓవెన్‌లో పెట్టి వెళ్లింది. కాపలా నాది. స్తోత్రాలు చదువుతూ కాల్చిన లోహం తెగిందంటే తప్పు కాలేజీదే కదండీ!

శనివారం పొద్దున్నే రైలెక్కి వికారాబాద్‌లో దిగాను. చదువంతా ఇంట్లోనే సాగినదాన్ని, కాలేజీ గడప తొక్కడం అదే మొదలు. తొక్కడమేమిటి, తన్నాను. ల్యాబులో ఏడుస్తున్న శ్రావణి పక్కనే అటెండర్ యాదయ్య దొరికాడు.

"ఏమయ్యా, నా బిడ్డకు నాసిరకం సరుకు అంటగడ్తరా? మా అప్పడాల కర్ర గూడ గింతకన్న గట్టిగుంటది!"

"జర కూసోండమ్మా. ఓవెన్ల ఎంతసేపు ఉంచిండ్రు?"

"ఎనిమిది గంటలు చాలన్నది గీ పిచ్చిది. నేనే పుణ్యానికి ఇంకో పది ఉంచిన!"

శ్రావణి ఏడుపు టక్కున ఆగింది. "అమ్మా! నేను చెప్పిన టైంకే బంద్ చేసిన అంటివి గద!"

"ఇటుక ఎంత కాలితే గంత గట్టి గద బిడ్డా!"

"గిది ఇటుక కాదమ్మా," అన్నాడు యాదయ్య. "సన్నవేడికి లోపల చిన్న చిన్న రేణువులు పుట్టి లోహాన్ని పట్టుకుంటయ్. ఎక్కువసేపు ఉంచితే అవే కలిసి ముద్దలైతయ్. పట్టు పోతది."

నా కోపం గిర్రున వెనక్కి తిరిగి నా మీదే పడింది. ఓవెన్ నొక్కనేల, రైలెక్కనేల!

యాదయ్యే దిద్దుబాటుకు దిగాడు. మిగిలిన కడ్డీల్ని ఆ రోజే మళ్లీ కాల్చి ముంచాడు. మర్నాడు తన సెలవు మానుకుని తాండూరొచ్చి, ఎనిమిది గంటలూ మా ఓవెన్ ముందు కుర్చీ వేసుకు కూర్చున్నాడు. నా వంటింట్లోకి నన్నే రానివ్వలేదు.

"అన్నా, చాయన్న పెట్టుకోనియ్యి."

"వద్దమ్మా. మీరు దూరంకెళ్లే దండం పెట్టుండ్రి."

సోమవారం ఆ కడ్డీలు మిషన్‌ను ముప్పుతిప్పలు పెట్టిగానీ తెగలేదు. శ్రావణి రిపోర్టులో బలం గీత పైకెక్కి, ఎనిమిది గంటల దగ్గర శిఖరం చేరి, పద్దెనిమిది దగ్గర జారిపడుతుంది. పడ్డచోట ఒక చుక్క. దాని పక్కన పెన్సిల్‌తో చిన్నగా: 'అమ్మ'. చూసినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సర్వదేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై లోహాలకు పుణ్యం పంచను. మీరు మాత్రం దయచేసి యాదయ్యను తలచుకోండి. నా తిట్లన్నీ తిని, నా బిడ్డ చదువు నిలబెట్టిన మనిషి.