సాపు చేసిన సొట్ట

ఆ రోజుల్లో మాకు చేతకాని పనంటూ లేదు. ఇంకా చేసి చూడని పనులుండేవి, అంతే. మెకానికల్ ఇంజనీరింగు పూర్తయి, ఉద్యోగం మాత్రం మా ఊరి దారి పట్టక, పాలకొల్లు పక్కన మా పల్లెలో నేనూ మా పిన్నిగారబ్బాయి బుల్లబ్బాయీ (అసలు పేరు వేరే ఉంది, అది వాళ్ళమ్మ కూడా మర్చిపోయింది) ఫోన్లో వీడియోలు చూస్తూ పొద్దుపుచ్చేవాళ్ళం. ఎక్కడో చలిదేశాల్లో ఎవరో తుప్పుపట్టిన కారును కాసేపట్లో తళతళలాడించేవాడు. వాడికి కాసేపు పట్టిన పని మనకు మహా అయితే నెల పడుతుందని మా అంచనా. చదివినన్నాళ్ళూ స్పానరు పట్టుకున్నది ప్రాక్టికల్ పరీక్షల రోజునే అన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.

బుల్లబ్బాయి వాళ్ళ తాతయ్యగారి పాత కారు ధాన్యం షెడ్డులో ఓ మూల పడి ఉండేది. ఇంజను ఎప్పుడో తీసేశారు. మిగిలిన డొక్కును ఉప్పుగాలి తినేసింది. తాతయ్యగారికి అప్పటికే చూపు పూర్తిగా పోయింది. ఆ ఏడాది మామ్మగారు కూడా పోయాక ఆయన మంచం దిగడం మానేశారు. మాట తగ్గింది, అన్నం తగ్గింది, ఇంట్లో అందరికీ దిగులు పట్టుకుంది. కోతలొచ్చేలోగా షెడ్డు ఖాళీ చెయ్యాలి, డొక్కును పాత ఇనుముకి ఇచ్చేద్దాం అని ఓ రోజు బుల్లబ్బాయి నాన్నగారు అంటే, మంచం మీంచి తాతయ్యగారి గొంతు వినిపించింది. "ఇచ్చేద్దువుగానిలేరా అబ్బాయ్. ఒక్కసారి నన్ను అందులో కూర్చోబెట్టి, అప్పుడిచ్చెయ్." చాలా రోజుల తర్వాత ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. కూర్చోబెడదామంటే కారులో సీటు లేదు, అడుగున రేకు లేదు, లోపల కాలు పెడితే షెడ్డు నేల తగులుతుంది. "నేను బాగుచేస్తాను తాతయ్యా" అన్నాడు బుల్లబ్బాయి. వాడు "నేను" అన్నాడంటే అందులో నా పేరూ కలిపేశాడని నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే.

పని మొదలుపెట్టిన రోజే ఆగిపోయింది. డిక్కీలో కోడి పొదుగుతోంది. గుడ్లు పిల్లలయ్యేదాకా అటు చెయ్యి పెట్టడానికి వీల్లేదని బుల్లబ్బాయి వాళ్ళమ్మగారు, అంటే మా పిన్నిగారు, గట్టిగా చెప్పేశారు. సరే, ముందువైపు నుంచి మొదలుపెట్టాం. ఇక మా ఊళ్ళో ఏ పనైనా పదిమందీ చూడాల్సిందే, చూసినవాళ్ళు కాఫీ తాగాల్సిందే, తాగినవాళ్ళు ఓ సలహా చెప్పాల్సిందే. పెద్దవాళ్ళు చెప్తే కాదనడం మాకు నేర్పలేదు. "సీటుకి స్పాంజి ఎందుకండీ, కొబ్బరిపీచు పెట్టించండి, నడుముకి మంచిది" అన్నారు ఎదురింటాయన. అలాగేనండి అన్నాం. స్టీరింగు చల్లగా ఉంటుంది, ముసలి చేతులకి మెత్తటి తొడుగు వెయ్యమన్నారు రిటైరైన మాస్టారు. అలాగేనండి. తలుపు పిడులు పాతబడ్డాయి, మార్చెయ్యమన్నారు ఇంకొకాయన. అలాగేనండి. రంగు దగ్గర మాత్రం మాకే పడలేదు. వాడు ఆకుపచ్చ అంటాడు, నేను మీగడరంగు అంటాను. ఆ పట్టుదలలో మాటలు కూడా మానేశాం. (ఎవరి కోసం కారు బాగుచేస్తున్నామో ఆయనకు చూపే లేదని మాకు గుర్తు చేసింది పిన్నిగారు. అప్పుడు సిగ్గుపడి ఆకుపచ్చకు ఒప్పుకున్నాను.)

నా ఘనకార్యం మాత్రం వెనకవైపు మడ్‌గార్డు. ఎడమవైపు దానికి అరచెయ్యంత సొట్ట ఉండేది. దాన్ని లప్పంతో నింపి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, మళ్ళీ నింపి మళ్ళీ రుద్ది, నున్నగా తయారుచేశాను. వచ్చినవాళ్ళందరినీ అక్కడ చెయ్యి పెట్టి చూడమనేవాణ్ణి. మిగతా కారంతా ఎలా ఉన్నా, ఇంజనీరు చెయ్యి పడిన చోటు అదొక్కటేనని నా నమ్మకం.

కోతలకు ముందే పని ముగిసింది. తాతయ్యగారికి ఉతికిన పంచె కట్టి, చెరో రెక్కా పట్టుకుని షెడ్డులోకి నడిపించాం. ఊళ్ళో సలహాదారులంతా వచ్చి నిలబడ్డారు. ఆయన తలుపు పిడి తడిమారు. లోపలికెక్కి సీటు నొక్కి చూశారు. స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి చుట్టూ తడిమారు. తర్వాత ముఖం మావైపు తిప్పి, ఎంతో మర్యాదగా, "చాలా బాగుందండి. ఎవరిదండీ ఈ కారు?" అన్నారు.

"మీదే నాన్నగారూ" అన్నారు బుల్లబ్బాయి నాన్నగారు. ఆయన నమ్మినట్టు లేదు. దించమన్నారు. కారును పట్టుకుని తడుముకుంటూ వెనక్కి నడిచి, సరిగ్గా ఆ మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించారు. పైకీ కిందికీ రాశారు. "ఇక్కడ సొట్ట ఉండాలండి" అన్నారు. "మీ అమ్మ చేసిన సొట్ట" అని కొడుకుతో అని, ఇంక ఇంట్లోకి తీసుకెళ్ళిపొమ్మన్నట్టు చెయ్యి చాపారు.

బుల్లబ్బాయి స్క్రూడ్రైవరూ సుత్తీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. కొత్త రంగు మీద మొదటి దెబ్బ వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు, వేశాక ఆగలేదు. లప్పం పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. నేను పక్కకి జరిగితే తాతయ్యగారు చెయ్యి పెట్టారు. సొట్ట ఆ చేతికి సరిపోయింది.

"డ్రైవింగు నేర్పమని ప్రాణం తీసింది" అన్నారాయన. "నేర్పిన రోజే రివర్సులో తీసుకెళ్ళి కొబ్బరిచెట్టుకి గుద్దేసింది. దిగొచ్చి ఏమందో తెలుసా? నేను బాగానే నడిపానండీ, చెట్టే అడ్డొచ్చింది అంది. సాపు చేయించేస్తే ఇంక దేన్ని చూపించి ఏడిపించనూ అని అలా ఉంచేశాను." అని నవ్వారు. నవ్వుతుండగానే కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పూట ఆయన అడిగి మరీ అన్నం పెట్టించుకున్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ కారు షెడ్డు దాటలేదు. ధాన్యం బస్తాలే వరండా ఎక్కాయి.

ఇప్పుడు నేను రాజమండ్రిలో ఇన్సూరెన్సు సర్వేయరుని. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా సొట్టలు చూడటమే నా ఉద్యోగం. వచ్చిన ప్రతివాళ్ళూ "అక్కడ దెబ్బ తగిలిన జాడ కూడా తెలియకూడదండి" అంటారు. అలాగేనండి అంటాను, ఆ మాట ఇంకా పోలేదు. కాకపోతే ఫోటో తీసే ముందు ఒకసారి అరచెయ్యి ఆ గుంటలో పెట్టి, "ఎవరు నడిపారండీ?" అని అడుగుతాను. కాగితాల కోసమనుకుని చెప్పేస్తారు. ఎవరైనా సిగ్గుపడుతూ "మా ఆవిడండి" అంటే, ఫోటో ఇంకాస్త నెమ్మదిగా తీస్తాను.