దొర గోరీ మీద చుట్ట

గురమ్మ చేపను నమ్మదు. మొప్ప ఎత్తి చూస్తుంది, వాసన చూస్తుంది, వేలితో ఒళ్ళు నొక్కి చూస్తుంది. మొగుడు గంగులు తెచ్చిన చేపనైనా అంతే. కాటానూ నమ్మదు. శ్రీకాకుళం బజారులో గంప దించగానే షావుకారు కాటాను తిరగేసి, అడుగున అయస్కాంతం అంటించాడేమోనని తడిమేది.

"తాళి కట్టినప్పుడు కూడా ఇలాగే తిరగేసి సూసేవేటే?" అని గంగులు వెక్కిరిస్తే, "సూసేను బావూ. ఇత్తడి కాదు" అనేది.

గంగులు వేటకెళ్ళి తిరిగిరాని ఏడు కూడా ఆమె ఎవరి మాటా నమ్మలేదు. మిగతా తెప్పలు వచ్చాయి, అతనిది రాలేదు. ఊరి ఆడవాళ్ళు గాజులు తీయించడానికి వస్తే చేతులు వెనక్కి దాచుకుంది.

"శవాన్ని సూపించండి. అప్పుడు తీస్తాను."

ఎవరూ చూపించలేకపోయారు. ఇప్పుడామె జుట్టంతా నెరిసింది. చేతులకు ఆకుపచ్చ మట్టిగాజులు అలాగే ఉన్నాయి.

దీపంపేట ఒడ్డున, ఇసుక దిబ్బ మీద పాత దీపస్తంభం ఉంది. దాని నీడలో ఒక గోరీ ఉంది. దీపం వెలగడం మానేసి చాలా కాలమైంది. గోరీ మీద పేరు లేదు. స్తంభం కట్టిన దొర పైనుంచి పడి చచ్చాడని, ఇక్కడే పాతారని ఊళ్ళో చెప్పుకుంటారు. గోరీ మీద చుట్ట పెడితే దొర తెప్పలకు దారి చూపిస్తాడంటారు.

గురమ్మ చేపలు ఎండబెట్టుకునేది ఆ దిబ్బ మీదే. సాయంత్రం చుట్ట వెలిగించి, ఆ ఊరి ముసలమ్మలందరిలాగే నిప్పు నోట్లోకి తిప్పి, రెండు దమ్ములు లాగి, మిగిలింది గోరీ మీద పెడుతుంది. "నీకు సగం, గంగులికి సగం" అంటుంది. పొద్దున వచ్చి చూస్తే బూడిదే. దొర తాగాడా, గాలి తాగిందా అన్నది ఆమెకెప్పుడూ అనుమానమే.

రేవు కట్టే కంపెనీ వచ్చాక సర్వేరాళ్ళు దిబ్బ దాకా వచ్చి ఆగాయి. దొర గోరీని కదిపితే ఊరుకోమని ఊరంతా ఒక్కమాట మీద నిలబడింది. పాత కట్టడమేమో, పైవాళ్ళను అడగాలేమోనని సర్వేయరు వెనక్కి తగ్గాడు. దిబ్బ పోతే గురమ్మకు చేపలు ఎండబెట్టుకునే చోటు లేదు. గంగులుతో మాట్లాడే చోటు అసలే లేదు.

అలాంటి రోజుల్లో ఒక పిల్ల స్కూటీ మీద వచ్చింది. చేతిలో చిన్న పెట్టె లాంటిది. నొక్కితే ఎదురుగోడ మీద ఎర్ర చుక్క పడుతోంది. చుక్క స్తంభం మీంచి జారి గోరీ మీదికి రాగానే గురమ్మ దాని మీద అరచెయ్యి పెట్టేసింది.

"ఏటది?"

"కొలత మామ్మా. ఇక్కణ్ణించి అక్కడికి ఎంతుందో ఇదే చెప్పేస్తుంది."

"ఎవులికి సెప్తాది?"

"నాకే."

"నీకు సెప్తే నువ్వెవులికి సెప్తావు?"

పిల్ల నవ్వింది. పేరు శ్రావణి అట. విజయనగరం నుంచి వచ్చిందట. భవనాలు కట్టే చదువు చదివి, ఈ దొర మీద పుస్తకం రాస్తోందట.

"ఎంతిస్తారేటి?"

"ఎవరూ ఏమీ ఇవ్వరు మామ్మా."

"ఉత్తినే పని సేసినోల్లని ఇంతవరకూ నాను సూడనేదు."

గురమ్మ ఆమె కాళ్ళ వైపు చూసింది. కంపెనీవాళ్ళు బూట్లేసుకుంటారు. ఈ పిల్లవి అరిగిన చెప్పులు. కావాలనే అరిగినవి వేసుకొచ్చిందేమో.

ఎండ ముదిరాక శ్రావణి స్తంభం నీడలోకి వచ్చి కూర్చుంది. అడక్కుండానే దొర కథ చెప్పింది. పేరు డంకన్ ఆర్నాట్. అతనిదీ స్కాట్లండులో చేపలు పట్టే ఊరే. తండ్రి రాళ్ళు చెక్కేవాడు. కొడుకు ముందు ఉలి పట్టి, తర్వాత పెన్సిలు పట్టాడు. ఓడెక్కి మద్రాసు వచ్చాడు. చర్చి గీశాడు, కలెక్టరు కచేరీ గీశాడు, జైలు గీశాడు.

"జైలూ గుడీ ఒక్కడే గీసేడా?"

"ఒక్కడే."

"అలాటోణ్ణి నమ్మకూడదు."

ఇక్కడికొచ్చి స్తంభం లేపాడు, పక్కనే సరుకుల గిడ్డంగి కట్టాడు. తుఫానులో స్తంభం నిలబడింది, గిడ్డంగి కూలింది. లోపల తలదాచుకున్నవాళ్ళు చచ్చిపోయారు. దొర గోడలు సన్నగా గీశాడని కంట్రాక్టరు అన్నాడు. కంట్రాక్టరు సున్నంలో సముద్రపు ఇసుక కలిపాడని దొర అన్నాడు. విచారణ జరిగింది గానీ ఏమీ తేలలేదు. తేలకపోయినా ఆ తర్వాత దొరకు ఎవరూ ఒక్క గోడ పని కూడా ఇవ్వలేదు.

"ఇద్దర్లో ఎవులు నిజం సెప్పేరు?"

"తెలీదు. అందుకే పునాదులు కొలుస్తున్నాను."

కాటాను తిరగేసి చూసే మనిషి తనలా ఇంకొకరున్నారని గురమ్మకు అనిపించింది. కొంగులోంచి వేరుశనక్కాయలు తీసి కొన్ని ఆమె ముందు పోసింది.

"అందుకేనేటి పైనించి దూకీసేడు?"

శ్రావణి కాయ ఒలుస్తూ ఆగింది. "దూకలేదు మామ్మా. వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. ముసలివాడై, అక్కడే పోయాడు." ఫోను తీసి చూపించింది. పచ్చగడ్డి, బూడిదరంగు రాయి, రాతి మీద అక్షరాలు. "ఇదే అతని సమాధి. పక్కది భార్యది."

గురమ్మ బొమ్మ చూసింది. ఫోను తిరగేసి వెనక కూడా చూసింది.

"మరైతే మా గోరీలో ఎవులున్నారు?"

"ఎవరూ లేరేమో."

గురమ్మ ఫోను తిరిగిచ్చేసింది.

"ఈ మాట ఇంకెవులికైనా సెప్పేవా?"

"దారి చూపించిన అబ్బాయికి చెప్పాను. వెంకీ అట."

వెంకీ గంగులు తమ్ముడి కొడుకు. కంపెనీలో వాచ్‌మన్ పని కోసం సర్వేయరు వెనకాలే తిరుగుతున్నాడు. గురమ్మ మిగిలిన కాయలు తీసి కొంగులో పోసుకుంది.

మర్నాడు పొద్దున్నే సర్వేయరు వచ్చాడు, వెనక వెంకీ. శ్రావణి అప్పటికే స్తంభం దగ్గర కొలతలు తీసుకుంటోంది. సర్వేయరు గోరీ మీద ఒక కాలు ఆనించి నిలబడ్డాడు.

"ఏం మామ్మా, ఇందులో దొర లేడంటగా? ఉత్తి ఇటికలేనంట?" అని శ్రావణి వైపు తిరిగాడు. "ఏమ్మా, అవునా?"

శ్రావణి నోరు తెరిచింది. మొప్ప చూసినట్టు గురమ్మ ఆ నోటినే చూసింది. ఈ పిల్ల అబద్ధం చెప్పదు. అందుకే ఆమెకు భయం వేసింది.

"దొర లేడు," అంది తనే ముందుగా. "మా గంగులున్నాడు."

"గంగులెవరు?"

"నా మొగుడు."

సర్వేయరు కాలు దించాడు. వెంకీ ఇబ్బందిగా నవ్వాడు.

"ఏటి పెద్దమ్మా, పెద్దయ్య దొరకనేదు గదా. పోనీ, దొరికేడనుకో. మరి సేతికి గాజులేటి?"

ముగ్గురూ ఆమె చేతుల వైపు చూశారు. ఈసారి గురమ్మ చేతులు దాచుకోలేదు. గోరీ పక్కన కూలబడి, అంచు మీద ఒక చెయ్యి కొట్టింది. తర్వాత రెండోది. ఆకుపచ్చ ముక్కలు ఇసుకలో పడ్డాయి. మణికట్టు దగ్గర కొంచెం నెత్తురు వచ్చింది.

"పెద్దమ్మా..."

"నోర్ముయ్. ఇప్పుడు సెప్పరా, లోనెవులున్నారు?"

వెంకీ ఇసుకలోకి చూస్తూ నిలబడ్డాడు.

"పెద్దయ్యే," అన్నాడు.

సర్వేయరు గొంతు సవరించుకున్నాడు. "సొంతవాళ్ళ సమాధైతే నీ ఒప్పుదల కావాలి మామ్మా. వేలిముద్ర వెయ్యాలి."

"నా ఏలు నాకాడే ఉంటాది."

వాళ్ళు వెళ్ళాక శ్రావణి వచ్చి తన చున్నీ అంచుతో ఆమె మణికట్టు తుడిచింది. గురమ్మ తుడవనిచ్చింది గానీ కళ్ళు ఆమె మీంచి తియ్యలేదు.

"నీ పుస్తకంలో ఏటి రాస్తావు?"

"దొర వాళ్ళ ఊళ్ళో ఉన్నాడని. ఇందులో ఎవరున్నారో నేను కొలవలేదు. కొలవనిది రాయను."

"అయ్యేక తీసుకురా. సూస్తాను."

"చదవడం వచ్చా మామ్మా?"

"రాదు. తిరగేస్తాను."

సాయంత్రం గురమ్మ చుట్ట వెలిగించింది. నిప్పు లోపలికి తిప్పి రెండు దమ్ములు లాగింది. మిగిలింది గోరీ మీద పెట్టింది. దొరకు సగం అనలేదు. గంగులికి సగమనీ అనలేదు. రోజూలా ఇంటికి పోకుండా అక్కడే కూర్చుంది. చేతులు తేలిగ్గా, ఎవరివో అన్నట్టున్నాయి.

గాలి పడిపోయింది. అయినా చుట్ట కొసన నిప్పు ఎర్రబడింది. తగ్గింది. మళ్ళీ ఎర్రబడింది.

గురమ్మ వంగి చూసింది. తర్వాత మోకాళ్ళ మీద చెయ్యి ఆన్చి లేచి, అటువైపు ఎవరైనా దాక్కుని ఊదుతున్నారేమోనని గోరీ చుట్టూ తిరిగింది.