కాశయ్య అడిగిన గంగాళం

కొంటా ఊళ్లో మా పక్కింటి కాశయ్యకు ఒకటే జబ్బు, ఎరువడగడం. అదీ చెంచా, జల్లెడ కాదు. మీ అటక మీద అన్నిటికన్నా బరువైన వస్తువేదో అదే కావాలి. తిరిగివ్వడమనేది మాత్రం ఆయన జాతకంలోనే లేదు.

“చెల్లే, మా బావమరిది బిడ్డ పెళ్లి. మీ ఇత్తడి గుండిగ ఇస్తవా?” అనేవాడు. మా వైపు పెళ్లికి గిన్నె అడిగితే కాదనడం మహా తప్పు. అదే ఆసరాగా ఆ పిల్లకు ఎన్ని పెళ్లిళ్లు చేశాడో! ఒకనాడు బజారులో ఆ పిల్లే కనబడితే, “పెళ్లి బాగా జరిగిందా అమ్మా?” అన్నాను. “ఎవరిదత్తా? నేనింక పదో తరగతే,” అంది పాపం.

దానికి తోడు భూకంపాల పురాణం. టీ కొట్టులో రొట్టె కనబడితే చాలు, రెండు పక్కలా చీల్చి నడుమ నొక్కేవాడు. “గోదారి కింద నేల ఇట్లనే కుంగింది, కోట్ల ఏండ్ల కింద. ఆ చీలికలు ఇంక సద్దుమణగలె. అరవై తొమ్మిదిల భద్రాచలం ఊగలేదా?”

“రొట్టె నాది, కాశయ్య భయ్యా,” అనేవాడు లారీ డ్రైవరు మంగల్.

రెండువేల ఇరవై నాలుగు నవంబరులో నా మీద పడ్డాడు. మా అత్తగారి గంగాళం కావాలట. అదున్న అటక కిందే మా మనవరాలు పండు ఉయ్యాల.

“ఏంది, మళ్లీ పెళ్లా?”

“కాదు చెల్లే, సీమంతం.”

“పదో తరగతి పిల్లకా?”

తడబడ్డాడు. “ఆమెకు కాదు... మా బర్రెకు.”

నాకు నవ్వాగలేదు. ఆ నవ్వులోనే ఇచ్చేశాను. ఆయనా, మంగలూ కలిసి దాన్ని మోసుకుపోతుంటే, “ఎరువు సొమ్ము బరువు చేటు,” అని కసిదీరా అన్నాను.

“మోసేది మేమే కద!” అన్నాడు కాశయ్య.

డిసెంబరులో ఒక పొద్దున భూమి కదిలింది. ఆ కంపం ములుగు వైపు పుట్టి మా దాకా వచ్చింది. నేను వంటింట్లోంచి పరుగెత్తి వచ్చేలోపే పుచ్చిన అటక బల్ల ఒరిగిపోయింది. ఉయ్యాలలో పడింది ఒక్క ఖాళీ చాట. పండు తుమ్మి మళ్లీ నిద్రపోయింది. అదే గంగాళమైతే? పిల్లను గుండెకు హత్తుకుని ఏడ్చాను, నవ్వాను.

అప్పుడు గుర్తొచ్చింది. అయ్యో, ఊరి బరువంతా కాశయ్య ఇంట్లోనే! పండును చంకనేసుకుని పరుగెత్తాను. నా వెనక వీధి వీధంతా వచ్చింది. తలుపు తోసి చూస్తే గుండిగలు, రోళ్లు, ట్రంకు పెట్టెలు అన్నీ నేల మీదే ఉన్నాయి. కాలు పెట్టే జాగా లేదు. కాశయ్యా, భార్య గంగారత్నం పెరట్లో నిక్షేపంగా నిలబడి ఉన్నారు.

“అటకల మీది బరువులు కిందికి దింపుకోండని ఈయన మొత్తుకుంటే ఒక్కరు వినలే వదినా,” అంది గంగారత్నం. “పెళ్లికంటే కాదనరు కద, అందుకే ఈ అబద్ధాలు. ఏడాది సంది మా పడక వసారాలనే. ఎవరివి వాళ్లు పట్టుకపోండి, పుణ్యముంటది!”

పండును కాశయ్య చేతుల్లో పెట్టాను. ఆయన ముందు తలెత్తి పైకి చూశాడు. ఆకాశం తప్ప ఏమీ లేదని రూఢి చేసుకున్నాకే పిల్లను ముద్దు పెట్టుకున్నాడు.