అన్న ఒంట్లో గంజాయి

మా అన్న తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ నడుపుతాడు. జీవితంలో బీడీ కూడా ముట్టనివాడు. పెద్దపేగులో గడ్డకు రెండో కీమో అయి ఇంటికొచ్చాక, మూడోదానికి రానని మొండికేశాడు. "నా పెయ్యిలనే గంజాయి తయారైతదట. అదే క్యాన్సర్‌ను సంపుతదట. ఇంక దవాఖాన ఎందుకు?" అన్నాడట. ఫోన్‌లో ఏదో వీడియో చూశాడు.

వదిన ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. నేను వికారాబాద్‌లో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను కాబట్టి, జలుబు నుంచి జాతకం దాకా అన్నీ నాకే తెలియాలని మావాళ్ల లెక్క. అన్న మాటలు విని నాకు ఒళ్లు మండింది.

ఆ వీడియో పూర్తిగా అబద్ధమైతే తిట్టి పారేసేదాన్ని. కానీ మన ఒళ్లు నిజంగానే గంజాయిలో ఉండేలాంటి పదార్థాలను తయారుచేసుకుంటుంది. ఎండోకన్నాబినాయిడ్లు అంటారు. ఆకలి, నొప్పి, నిద్ర, అన్నింట్లో వాటి చెయ్యి ఉంటుంది. అన్నను చూసే డాక్టరమ్మను అడిగాను. ల్యాబులో కొన్ని క్యాన్సర్ కణాలను అవి అణిచినట్టు కనబడుతుందనీ, కొన్నింటిని పెంచినట్టూ కనబడుతుందనీ, ఏదీ ఇంకా తేలలేదనీ, కీమో మాత్రం ఆపొద్దనీ చెప్పింది. అవి పంచాయితీలో ఇద్దరి దగ్గరా తల ఊపే చుట్టంలా ఉన్నాయన్నమాట.

నేను తాండూరు వెళ్లేసరికి అన్న లుంగీ ఎగ్గట్టి, మంకీ క్యాప్ పెట్టుకుని, వాకిట్లో ఆయాసపడుతూ చక్కర్లు కొడుతున్నాడు. నడిస్తే ఆ సరుకు ఎక్కువ తయారవుతుందని కూడా వీడియోలో చెప్పారట.

"డాక్టరమ్మ రేపు రమ్మన్నది అన్నా."

"కప్పలు కోసేదానివి, నీకేమెరుక? ఫికర్ చెయ్యకు."

ఇప్పుడు కాలేజీల్లో ఎవరూ కప్పల్ని కోయడం లేదని ఈయనకెవరు చెప్పాలి? డాక్టరమ్మ మాటలన్నీ విడమరిచి చెప్పాను. చెవిన పెడితే కదా. చివరికి విసుగొచ్చింది.

"సరే, నీ గంజాయి మస్తు పనిచేస్తది. అది నీ పెయ్యిలనే ఉన్నది గద? దవాఖానకు పోతే దాన్నేమన్న ఇంట్ల మర్చిపోతవా? దాన్ని గూడ తీస్కపోదాం, పా."

అన్న ఆగిపోయాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు నవ్వింది ఎవరో తెలియదు గానీ ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది.

మర్నాడు పొద్దున్నే రైలెక్కాం. నేను వికారాబాద్‌లో దిగి కాలేజీకి పోవాలి, వాళ్లిద్దరూ కీమోకు హైదరాబాద్ పోవాలి. వదిన కూర్చున్నచోటే కునుకు తీసింది. ధారూర్ దాటాక అన్న కిటికీ వైపే చూస్తూ అన్నాడు.

"గా వీడియో నేనేం నమ్మలేదే. ఆ సూది, ఆ వాంతులు... నాతోని కాదు. భయమైతున్నది."

ఒకసారి యూనిట్‌లో పని ఆపిన కూలీలందరికీ ఒక్కడే ఎదురు నిలబడ్డ మనిషి. మళ్లీ తనే అడిగాడు.

"ఇంతకు గా గంజాయి నా దిక్కున్నదా, గడ్డ దిక్కున్నదా?"

"తెల్వదన్నా. ఇంకా ఎవ్వలకు తెల్వదు."

వికారాబాద్ వచ్చింది. అన్న నా బ్యాగు తీసి చేతికిచ్చాడు. "దిగు. కాలేజీకి లేటైతది."

బ్యాగు మళ్లీ పైన పెట్టేశాను.

"కప్పలు యాడికి పోవు. జర జరుగు," అని అన్న పక్కన కూర్చున్నాను.