మిగిలిన పదిహేడు నోట్‌బుక్కులు

మా ల్యాబ్ సార్ పోయిన సంగతి నాకు చిల్లకూరు దగ్గర బస్సులో తెలిసింది. కాలేజీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మల మధ్యలోనే ఎవరో ఇంటర్నల్ మార్కులు ఎప్పటిలోగా ఎక్కించాలని అడిగారు. నాకు కోపం కూడా రాలేదు. సెమిస్టర్ ఆఖరు, అందరం అలసిపోయి ఉన్నాం. మా స్టాపు దాటిపోయినా చూసుకోలేదు. తర్వాతి స్టాపులో దిగి హైవే పక్కన వెనక్కి నడిచాను.

ఆయన ముందు నాకు చదువు చెప్పారు. తర్వాత నేను అదే కాలేజీలో లెక్చరర్‌గా చేరితే పక్క కుర్చీలో పనిచేశారు. మా నాన్న గూడూరులో టైలర్. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని. ప్రోగ్రామింగ్ క్లాసుకు నోట్‌బుక్ కావాలన్నారని మొదటి రోజు రెండు వందల పేజీల రూళ్ళ నోట్‌బుక్ కొనుక్కుని, అట్ట కూడా వేసుకుని వెళ్ళాను. సార్ నవ్వలేదు. "ఇది కూడా ఉండనీ, పనికొస్తాది" అని, కంప్యూటర్‌లో ఇంకో నోట్‌బుక్ తెరిచి చూపించారు. పైన ప్రశ్న, దాని కింద మేం రాయాల్సిన కోడ్, ఆ కింద జవాబు.

ప్రశ్నల నోట్‌బుక్కులు ఆయన సర్వర్‌లో పెట్టేవారు. వాటిని మా మెషీన్‌లోకి తెచ్చుకుని, పూర్తి చేసి, ఏం చేశామో ఒక్క ముక్క రాసి, మళ్ళీ సర్వర్‌కు పంపాలి. పుస్తకంలో వీటికి పుల్, కమిట్, పుష్ అని పేర్లున్నాయి. సార్ మాత్రం బోర్డు మీద తెలుగులో నాలుగు మాటలు రాసి ఏళ్ళ తరబడి చెరపనివ్వలేదు. తెచ్చుకో, చెయ్యి, చెప్పు, తొయ్యి. ప్రతి బ్యాచ్‌లోనూ సగం మంది మూడో మాట దగ్గరే ఆగిపోయేవాళ్ళు. పని తమ మెషీన్‌లో భద్రంగా ఉంది కాబట్టి సార్‌కు అందినట్టే అనుకునేవాళ్ళు. "పడవ కట్టుకోని ఒడ్డునే కూసుంటే ఎట్టా? తొయ్యండి" అని ఆయన విసుక్కునేవారు. ఒకసారి క్లాసు జరుగుతుండగా శ్రీహరికోటలో రాకెట్ లేచింది. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి, అందరం బయటికి పరిగెత్తాం. ఆకాశంలో తెల్లటి చార కాసేపు చూసి సార్, వాళ్ళు తోసేశారు, మీరెప్పుడు తోస్తారో అని మమ్మల్ని లోపలికి తోలారు.

నేను తొయ్యడం మరిచిపోలేదు. నా తప్పు 'చెప్పు' దగ్గర జరిగింది. చేసిన పని గురించి ఒక్క ముక్క రాయమంటే, బడిలో నేర్చిన పద్ధతిలో ఇలా రాశాను: "గౌరవనీయులైన సార్ గారికి, నమస్కరించి వ్రాయునది. మూడు ప్రశ్నలు పూర్తి చేసితిని. నాలుగవది రానందున విడిచిపెట్టితిని. దయచేసి క్షమించగలరు. ఇట్లు, తమ విధేయురాలు."

సార్ అది క్లాసులో చదివి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వారు. నేను తల దించుకున్నాను. అప్పుడు నా బల్ల దగ్గరికి వచ్చి, "సెలవు చీటీ రాసినావు కదమ్మాయ్" అన్నారు. "అయినా మేలే. ఏం చేసినావో చెప్పినావు, ఏం చెయ్యలేదో కూడా చెప్పినావు. ఆ రెండోది ఎవురూ చెప్పరు."

ఆ అమ్మాయ్ అన్న పిలుపు నేను ఉద్యోగంలో చేరాక కూడా మారలేదు. స్టాఫ్ రూములో అందరూ నన్ను మేడమ్ అంటుంటే, ఆయనకు మాత్రం అమ్మాయ్‌నే.

ఈ సెమిస్టర్ ఆఖర్లో ఆయన ఆస్పత్రిలో చేరారు. నలభై మంది ఆఖరి నోట్‌బుక్కులు దిద్దాల్సి ఉంది. ఆయన పోయాక సర్వర్‌లో చూస్తే ఒక్కదానికీ మార్కు లేదు. సార్ ఈసారి ఏమీ చూడలేదట అన్న మాట స్టాఫ్ రూములో తిరిగింది. పాత పని లెక్కలోకి తీసుకోకుండా, పిల్లలందరి చేతా కొత్త అసైన్‌మెంట్ చేయించాలన్నారు. ఆ పిల్లల్లో సగం మందికి ఇంట్లో కంప్యూటర్ లేదు, ల్యాబ్ గంటల్లో వంతులు వేసుకుని చేసిన పని అది. నాకు ఆ మాట మింగుడుపడలేదు. ఎన్నేళ్ళో చూసిన మనిషిని మూడు రోజుల్లో పనిదొంగను చేశారు.

నాలుగో రోజు ఆయన ఇంటికి వెళ్ళాను. వాళ్ళ ఆవిడ ల్యాప్‌టాప్ సంచీ నా ఒళ్ళో పెట్టింది. "కాలేజీది కదమ్మా, తీసుకోనిపో. ఆస్పత్రికి పొయ్యేదాకా దాని ముందరే కూసోనుండాడు. రెండ్రోజుల్నించీ ఇంట్లో నెట్టు లేదని తిట్టుకుంటా ఉండాడు" అంది. పిన్ కూడా ఆమే చెప్పింది. వాళ్ళ పెళ్ళయిన సంవత్సరం.

మధ్యాహ్నం ఖాళీ ల్యాబ్‌లో కూర్చుని తెరిచాను. ఇరవై నాలుగు మార్పులు ఇక్కడే ఉన్నాయి, సర్వర్‌కు పోలేదు అని తెర మీద కనిపించింది. నెట్ లేక ఒడ్డునే ఆగిపోయాయి. ఇరవై మూడు నోట్‌బుక్కులు దిద్ది ఉన్నాయి. ప్రతి జవాబు కిందా ఆయన మాట. ఒకరికి, దగ్గర దాకా వచ్చి వదిలేసినావే అని. ఇంకొకరికి, ఇది నాకు తట్టలేదు, బాగుంది అని.

ఇరవై నాలుగోది ఉట్టి జాబితా, దిద్దాల్సిన పదిహేడు మంది రోల్ నంబర్లు. దానికి రాసిన ముక్క ఇది: "గౌరవనీయులైన మేడమ్ గారికి, నమస్కరించి వ్రాయునది. ఇరవై మూడు నోట్‌బుక్కులు దిద్దితిని. ఒంట్లో బాగులేనందున మిగిలిన పదిహేడు చూడలేకపోతిని. దయచేసి సెలవు ఇప్పించగలరు. ఇట్లు, తమ విధేయుడు."

నేను చాలాసేపు ఏడ్చాను. తర్వాత అన్నీ తోశాను.

కొత్త అసైన్‌మెంట్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మిగిలిన పదిహేడు దిద్దడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. కళ్ళు మండాయి, మెడ పట్టేసింది. ప్రతి జవాబు కిందా ఒక మాట రాయడం ఇంత పని అని అప్పుడే తెలిసింది. ఆఖరిది అయ్యాక, ఆయన నేర్పినట్టే ఒక్క ముక్క రాశాను: "మిగిలిన పదిహేడు దిద్దాను."

ఇప్పుడు సర్వర్‌లో నా ముక్క పైన ఉంది, దాని కిందే ఆయన సెలవు చీటీ. మంజూరైనట్టు నేనెక్కడా రాయలేదు.