ఊ కొట్టని కోడలు

తొంభైల్లో నేను కొత్త కోడలిగా బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో కాలు పెట్టేనాటికి షోలాపూర్‌లోని మేనమామలందరూ దారి తప్పి తిరుగుతూ ఉండాలి. పగటిపూట కథ చెబితే మేనమామ దారి తప్పుతాడని మనవాళ్ల నమ్మకం కదా. మా అత్తగారు పొద్దున్నే చేట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించడం మొదలుపెడితే, దీపాలు పెట్టేదాకా బీడీలు చుడుతూ కథ చెబుతూనే ఉండేవారు. ఆ లెక్కన ఒక్క మా వాకిట్లోంచే ఒక పటాలం మేనమామలు గల్లంతు.

ఆవిడ కథలన్నీ ఒకే అచ్చు. ఏడుగురు కొడుకులు, ఏడుగురు కోడళ్లు. చిన్నకోడలు తిండిపోతు. అత్త మాత్రం సాక్షాత్తు దేవత. పక్కింటి మరాఠీ పిన్ని, మేం మావుషి అనేవాళ్లం, ఆవిడ కథల్లోనూ ఏడుగురు కోడళ్లే, కాకపోతే అక్కడ అత్త రాక్షసి. మావుషికి ఇంకా కోడలు రాలేదు, మంచమెక్కిన అత్త మాత్రం ఉంది. కథల మీద పరిశోధన చేసే పండితులు దేశాలన్నీ తిరగడం దేనికో నాకు అర్థం కాదు. చెప్పే మనిషి ఇంట్లో ఎవరున్నారో తొంగిచూస్తే చాలదూ?

కథకు ఎవరో ఒకరు ఊ కొట్టాలి. కొట్టకపోతే అది అడుగు ముందుకు వేయదు. ఆ ఉద్యోగం నాది. ఆ ఏడాది నేను కొట్టిన ఊలను వరసగా పేరిస్తే హైదరాబాద్ దాకా ఇంకో రైలు పట్టా పడేది.

శ్రావణం వచ్చింది. పెళ్లయ్యాక మొదటి నాగుల పంచమి. పుట్టింటికి వెళ్లి ఊయల ఊగాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. పుట్టిల్లు భవాని పేట్‌లో, సిటీ బస్సులో అరగంట. అత్తగారు దాన్ని తీసుకెళ్లి ఏడు సముద్రాల అవతల పెట్టారు. అడిగితే సూటిగా కాదనరు. కథలో పెట్టి వినిపిస్తారు.

"గా చిన్నకోడలు పంచమికి తల్లిగారింటికి పోతనన్నది. అత్త ఏమన్నది? పో బిడ్డా, గని జల్లెడతోని నీళ్లు తెచ్చి గోళెం నింపి పో అన్నది."

"ఊ."

"నింపింది. ఆవాలు, నువ్వులు కలిపి పోసిన, ఏరి పో అన్నది."

నాలుగు రోజులు ఏరించారు. ఆ పిల్లకు చీమలు, పిచ్చుకలు సాయం వచ్చాయి. నా చేట దగ్గరికి ఈగ కూడా రాలేదు.

పంచమి ముందురోజు చిన్నకోడలు ఎట్టకేలకు సముద్రం ఒడ్డుకు చేరింది.

"చూస్తె పడవ లేదు. ఇగ ఏం జేస్తది, మర్లి అత్తింటికే వచ్చింది."

నేను నోరు తెరవలేదు.

"మర్లి వచ్చిందే! ఊ కొట్టవేందే?"

"నాకు పిల్ల ఇంక ఒడ్డు మీదనే కనపడ్తున్నది అత్తమ్మా. దాటినంక కొడత."

వాకిట్లో ఆకు కత్తిరిస్తున్న ఇరుగుపొరుగు ఆడవాళ్ల కత్తెరలన్నీ ఆగిపోయాయి. కథ ఏమవుతుందోనని ఆత్రం పట్టలేక మావుషి "హం, హం, పుఢే?" అని, తర్వాతేమైందన్నట్టు అందుకుంది.

"నీ మరాఠీ హంకు మా తెలుగు కథ కదలదు. గప్ బస్!" అన్నారు అత్తగారు.

సగంలో ఆపిన కథ చెప్పినవాళ్లను పట్టి పీడిస్తుందని నాకు నేర్పింది ఆవిడే. ఆవిడ వేళ్ల మధ్య బీడీ విడిపోయి పొగాకు ఒళ్లంతా రాలింది. సూర్యుడు పడమట పొడిచినా చూడొచ్చు కానీ, ఆవిడ చేతిలో బీడీ విడిపోవడం చూడలేం.

"ఒక తాంబేలు వచ్చింది," అన్నారు ఆఖరికి, పళ్లు నూరుతూ. "వీపు మీద ఎక్కిచ్చుకొని దాటిచ్చింది."

"ఊ!"

"గని తాంబేలు ఏమన్నది? దీపాలు పెట్టే యాళ్లకు మర్లి ఒడ్డుకు రాకుంటె నేను ఆగ అన్నది."

"ఊ, ఊ, ఊ!"

మర్నాడు తాబేలెక్కాను. దాన్నే జనం సిటీ బస్సు అంటారు. నడకలో తేడా ఏమీ లేదు.

భవాని పేట్‌లో మా ముందుగదిలో నాన్న మరమగ్గాలు, అదే మా సాంచాలు, టకటకలాడుతున్నాయి. వెనక వాకిట్లో ఊయల సిద్ధంగా ఉంది. పంచమినాడు కత్తెర పట్టకూడదు కనుక, అమ్మ ముందురోజు కత్తిరించిన ఆకుతో బీడీలు చుడుతోంది. వంటింటి గడప మీద మా వదిన. ఆమె పుట్టిల్లు కుంఠా నాకాలో, అదీ ఈ ఊళ్లోనే. ఆడబిడ్డ వచ్చే రోజు కోడలు ఎలా వెళుతుంది?

"... సముద్రం ఒడ్డుకు వచ్చింది," అంటోంది అమ్మ. "పడవ లేదు. ఇగ మర్లి అత్తింటికే వచ్చింది."

వదిన పెదవులు బిగించింది. ఊ కొట్టలేదు. అమ్మ చేతిలో బీడీ ఆగిపోయింది. ఇద్దరూ నావైపు చూశారు.

నేను ఊయల వైపు చూశాను. పొయ్యి పక్కన, వదిన వెళితే నేనే రుబ్బాల్సిన గంపెడు పూర్ణం వైపు చూశాను.

"ఊ," అన్నాను.