దీపం ముందు బ్రెక్కె సంతకం

అమెరికాలో మినెసోటా మైదానంలోని వెస్ట్‌దాల్‌లో తోర్బోర్గ్ చేతిమీదుగా పోని కోడిగుడ్డు లేదనడం అతిశయోక్తి కాదు. రైతులు తెచ్చిన ప్రతి గుడ్డునూ దీపం ముందు పట్టి, లోపల మచ్చ ఉన్నదీ లేనిదీ తేల్చి, మంచివాటిని ఊక పరచిన పెట్టెలలో సర్ది రైలుకెక్కించడం ఆమె వృత్తి. భర్త మంచుతుఫానులో మరణించిన నాటినుండి ఆమెను పోషించినది ఆ దీపమే. వృత్తి క్రమంగా స్వభావంలోకి ఇంకింది. కాఫీగింజలు తూచే కొట్టువాడిని, రొట్టె పంచే పొరుగామెను, ప్రసంగపీఠమెక్కిన పాస్టరును సైతం ఆమె ఒక కన్ను మూసి వెలుతురుకెదురుగా పట్టినట్లే చూసేది.

ఆమె సందేహించని వస్తువు లోకంలో ఒక్కటే: ఊరి బ్యాంకు నోటు. ఊరి పేరు అచ్చయిన ఆ నోట్లు వాషింగ్టను నుండి పెద్ద పెద్ద కాగితాలుగా వచ్చేవి. వాటిపై బ్యాంకు అధ్యక్షుడు స్ట్రాండ్, క్యాషియర్ ఓలుఫ్ బ్రెక్కె సిరాతో సంతకాలు చేసి, కత్తెరతో విడదీసిన తరువాతనే అవి జనం చేతికి వచ్చేవి. తిరిగి తెచ్చినవారికి బ్యాంకు నోటుకు బదులు బంగారం ఇచ్చేది. ప్రభుత్వముద్ర ప్రతి నోటు మీదా ఉన్నది. కాని వెస్ట్‌దాల్ ఆ ముద్రను చూడదు, బ్రెక్కె సంతకాన్ని చూస్తుంది. ఊరి బాప్తిస్మపత్రాలు, పెళ్లిపత్రాలు, చావుపత్రాలు అన్నీ వ్రాసినది ఆ చెయ్యే. సంతకం చివర కుక్కపిల్ల తోకవలె వెనక్కు చుట్టుకునే మెలిక ఒకటి ఉండేది. అది కనబడితే చాలు, నోటు మంచిది.

ఆ శరదృతువులో తోర్బోర్గ్ తాను అద్దెకుంటున్న రెండుగదుల ఇంటిని కొనబోతున్నది. యజమాని గుందర్ సోమవారం సాయంత్రం సొమ్ము తీసుకుని పత్రం ఇస్తానన్నాడు. ఆదివారం ప్రార్థనకు ముందు ఆమె పిండిడబ్బాలో దాచిన నోట్లను తీసి, అలవాటు చొప్పున ఒక్కొక్కటే దీపానికెత్తింది. పాతవాటిలో మెలిక ఉన్నది. వేసవి తరువాత వచ్చినవాటిలో లేదు. అక్షరాలన్నీ ఎదురుగాలికి వంగిన గోధుమకంకుల వలె వెనక్కు వాలి ఉన్నాయి.

చర్చిలో ఆమె కళ్లు బ్రెక్కెను విడువలేదు. కుడిచేతికి నల్లని తొడుగు. కీర్తనల పుస్తకం ఎడమచేతిలో. ప్రార్థన ముగిశాక ఎవరికీ కరచాలనం లేదు. కన్ను మసకబారిన తండ్రి, పెద్దకొడుకనుకుని చిన్నకొడుకు చేతులు తడిమి మోసపోయిన బైబిలు వృత్తాంతాన్ని ఆనాడే పాస్టరు చదివాడు. దేవుడే తన అనుమానాన్ని బలపరచినట్లు ఆమెకు తోచింది.

మధ్యాహ్నం ఆడపడుచు మారెన్ వచ్చేసరికి నోట్లు ఇంకా బల్లమీదే ఉన్నాయి.

"ఏంటొదినా, దీపం ముందు పెట్టుకుని కూర్చున్నావు? పిల్లలవుతాయనుకున్నావా?"

"ఎవరితోనూ అనకు. ఈ సంతకాలు బ్రెక్కెవి కావు."

"అయ్యో దేవుడా! నేనెవరితో అంటాను?"

సోమవారం ఉదయం బ్యాంకు తలుపు తెరిచేసరికి జనం గుర్రపుశాల దాకా బారులు తీరి ఉన్నారు. తోర్బోర్గ్ అందరికంటే ముందు నిలిచింది.

"నేనెవరికీ చెప్పలేదొదినా," అంది వెనకనుంచి మారెన్. "మా ఆయనకి చెప్పాను. ఆయన పిండిమర దగ్గర అన్నాట్ట. అంతే."

తోర్బోర్గ్ వెనక్కు తిరిగి బారును చివరిదాకా చూసింది. ఇంతమందికీ చాలినంత బంగారం ఆ ఇనప్పెట్టెలో ఉండదు. బ్యాంకు మూతపడితే ఈ నోట్లను గుందర్ కన్నెత్తి చూడడు. తన ఇల్లు తన నోటితోనే పోయినట్లే.

"అందరికీ ఒకేసారి పూనకమొచ్చిందేంటి?" అన్నాడు లోపలినుండి వచ్చిన స్ట్రాండ్. ఎవరూ నవ్వలేదు.

తోర్బోర్గ్ నోట్లు ముందు పెట్టగానే బ్రెక్కె సొమ్మిచ్చే కిటికీ వెనుక నిలబడి, ఎడమచేత్తో బంగారునాణేలు ముందుకు జరిపాడు. "ఇంటికోసం దాచుకున్నవేగా తోర్బోర్గమ్మా? అన్నిటికీ బంగారమేనా?"

అవి తీసుకుని వెళ్లిపోతే తన ఇల్లు దక్కుతుంది. ఆమె చెయ్యి నాణేలదాకా వెళ్లి ఆగింది. అనుమానం తీరకుండా వెళ్లడం ఆమెకు చేతకాని పని.

"ఈ సంతకం ఎవరిది బ్రెక్కెగారూ?"

"నాదే."

"మా ఆయన చావుపత్రం రాసింది మీరు. మీ రాత నాకు తెలీదా? ఆ మెలికేది? నా ఎదురుగా ఒక్కటి పెట్టండి."

బ్రెక్కె నాణేలమీదనుండి చెయ్యి తీశాడు. కుడిచేతి తొడుగును పళ్లతో లాగి తీశాడు. వేళ్లు ఎండిన కొమ్మల వలె బిగుసుకుపోయి ఉన్నాయి.

"ఇనప్పెట్టె తలుపులో నలిగింది. పెన్ను పట్టలేని క్యాషియర్‌ని ఎవరుంచుకుంటారమ్మా? అందుకే ఎడంచేత్తో నేర్చుకున్నాను. ఆ మెలికొక్కటే లొంగలేదు."

అతడు ఇంకా విడదీయని నోట్ల కాగితాన్ని ముందుకు లాగి, నాలుక కొరుక్కుంటూ, బడిపిల్లవాడి వలె సంతకం చేశాడు. తోర్బోర్గ్ తన నోటును పక్కన పెట్టి చూసింది. అదే వాలు, అదే తడబాటు.

"ఇన్నాళ్లూ నాకు చెప్పలేదే?" అన్నాడు స్ట్రాండ్. ఆ గొంతులో కొత్తగా ఏదో చేరింది. దాన్ని ఆమె వెంటనే గుర్తుపట్టింది. తన గొంతులో ఎప్పుడూ ఉండే అనుమానమే అది.

"మీ సంతకంకన్నా నయంగానే ఉంది లెండి," అంది గట్టిగా. "మీది కోడి సిరాలో కాలు పెట్టి నడిచినట్టుంటుంది."

బారులో ఎవరో నవ్వారు. తోర్బోర్గ్ నాణేలను వెనక్కు నెట్టి, తన నోట్లు మడిచి, అందరూ చూస్తుండగా బయటికి నడిచింది. సగంమంది ఇళ్లకు మళ్లారు. మిగిలినవారు బంగారం తీసుకునే వెళ్లారు. ఇనప్పెట్టె ఖాళీ కాలేదు. బ్రెక్కె ఉద్యోగం నిలిచింది. కాని ఆనాటినుండి ప్రతి సాయంత్రం స్ట్రాండ్ అతని పక్కన నిలబడి పెట్టెకు తాళం తానే వేసుకునేవాడు.

"సరే, చెయ్యి నలిగింది," అంది దారిలో మారెన్. "పెట్టెలో నలిగిందని మనకెలా తెలుసు?"

తోర్బోర్గ్ నడక వేగం పెంచింది. తనకూ అదే మాట తట్టింది.

సాయంత్రం గుందర్ వచ్చాడు. పత్రాన్ని బల్లమీద పెట్టి, దానిపై నుండి చెయ్యి తీయకుండానే మొదటి నోటును కిటికీకి ఎదురుగా ఎత్తాడు. ఒక కన్ను మూశాడు. నోటును చూసి, ఆమెను చూసి, మళ్లీ నోటును చూశాడు. తానే దీపం ముందు నిలిచినట్లు తోర్బోర్గ్‌కు ఒళ్లు ముడుచుకుపోయింది. ఇన్నేళ్లలో ఆమెకు అది మొదటిసారి.

"వెలుతురు చాలట్లేదు," అన్నాడు గుందర్.

ఆమె లేచి తన గుడ్లదీపం వెలిగించి తెచ్చి, అతని ముందు పెట్టింది.